ఖాకీ హీరో, నేమ్ బ్యాడ్జి: పోలీసు ప్రేమకథలను మనం ఎలా చదవాలి?

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో దిగి ఏ సందులోకి తిరిగినా రెండు రకాల బోర్డులు కనిపిస్తాయి. ఒకటి కోచింగ్ సెంటర్‌ది, రెండోది లేడీస్ హాస్టల్‌ది. గ్రూప్స్, డీఎస్సీ, ఎస్సై, కానిస్టేబుల్ పరీక్షల కోసం నల్లగొండ, మహబూబ్‌నగర్, ఖమ్మం వైపు నుంచి వచ్చిన ఆడపిల్లలు ఇక్కడి నుంచి ఎల్బీనగర్ దాకా ఈ హాస్టళ్లలో ఉంటారు. మన వాడల నుంచి, తండాల నుంచి వచ్చిన పిల్లలు వాళ్లలో ఉన్నారు. పగలంతా తెలంగాణ ఉద్యమ చరిత్ర, అరిథ్‌మెటిక్, కరెంట్ అఫైర్స్. రాత్రి గదిలో లైటు ఆపాక ఫోన్‌లో ఒక సీరియల్ కథ. అందులో హీరో ఒక ఏసీపీ, లేదంటే ఐపీఎస్, లేదంటే ఆర్మీ మేజర్. హీరోయిన్‌ను ఎవరో వెంటాడుతుంటారు. ఆ మనిషి ఎవరన్నది సస్పెన్స్. ఆమెను కాపాడుతూ హీరో ప్రేమలో పడడం కథ.

ఉద్యమాల్లో ఉన్న మిత్రులు ఈ కథల మాట ఎత్తగానే 'టైం వేస్ట్' అంటారు, లేకపోతే 'పోలీసు భజన' అంటారు. రెండో మాటలో నిజం ఉంది. అయినా అక్కడితో ఆగిపోతే ఒక ముఖ్యమైన ప్రశ్న మిగిలిపోతుంది. పోలీస్ స్టేషన్ మెట్లెక్కాలంటే నలుగురిని వెంటబెట్టుకుని వెళ్లే ఇళ్ల నుంచి వచ్చిన ఆడపిల్లలు పోలీసు హీరో కథను ఎందుకంత ఇష్టంగా చదువుతారు? ఆ ఇష్టం వెనక ఉన్న కోరిక ఏమిటి? ఆ కోరిక తీరే దారి కథ బయట ఉందా? సాహిత్య పరిశోధనలో ఉన్నవాళ్లుగా మేము ఈ మూడు ప్రశ్నలనే పట్టుకుని ఈ కథలు చదివాం.

రెండు పాయలు కలిసిన కథ

ఇంగ్లిషు ప్రచురణ రంగంలో ఈ రకాన్ని 'రొమాంటిక్ సస్పెన్స్' అంటారు. చదివేవాళ్లను రెండు ప్రశ్నలు చివరి పేజీ దాకా లాక్కెళ్తాయి. నేరం చేసింది ఎవరు? వీళ్లిద్దరూ ఒకటవుతారా? రెండింటికీ జవాబు ఒకే మనిషి దగ్గర ఉండాలంటే అతనికి నేరస్తుణ్ణి వెతికే అధికారం కావాలి, ఆమె ఇంటి తలుపు ఏ వేళనైనా తట్టడానికి ఒక కారణం కావాలి. యూనిఫాం ఈ రెండూ ఇస్తుంది. 1908లో లండన్‌లో మొదలైన మిల్స్ అండ్ బూన్‌ను 1971లో కెనడా సంస్థ హార్లెక్విన్ కొన్నది. నేరపరిశోధన కలిసిన ప్రేమకథల కోసం హార్లెక్విన్ 1984లో 'ఇంట్రీగ్' పేరుతో ప్రత్యేక వరుస ప్రారంభించింది. అమెరికా నౌకాదళ కమాండోలే హీరోలుగా సుజాన్ బ్రాక్‌మన్ 1996 నుంచి వరుస నవలలు రాసింది.

తెలుగులో ఈ రెండు ప్రశ్నలూ చాలాకాలం వేర్వేరు పుస్తకాల్లో ఉండేవి. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, మధుబాబు గూఢచారి షాడో ఒక పాయ. యద్దనపూడి సులోచనారాణి ప్రేమ నవలలు ఇంకో పాయ. వారపత్రికల్లో సీరియళ్లుగా వచ్చి, అద్దె పుస్తకాల షాపుల ద్వారా ఇల్లిల్లూ తిరిగిన నవలలవి. 'సెక్రటరీ', 'మీనా', 'జీవన తరంగాలు' సినిమాలుగా కూడా ఆడాయి. ఆ హీరోల బలం వాళ్ల బంగళాలో, కారులో, హుందాతనంలో ఉండేది. తెర మీద మాత్రం 1989లో 'అంకుశం', 1990లో 'కర్తవ్యం' ఖాకీని ప్రజలు ఈలలు వేసే దుస్తులుగా నిలబెట్టాయి.

ఇప్పుడు ఈ పాయలన్నీ ఫోన్‌లో కలిశాయి. 2014లో బెంగళూరులో మొదలైన ప్రతిలిపి వంటి యాప్‌లలో చదివేవాళ్లే రాసేవాళ్లు కూడా అవుతున్నారు. యద్దనపూడి హీరో కారు స్థానంలో సైరన్ మోగించే జీపు వచ్చింది. డబ్బు పోలేదు, దానికి అధికారం కూడా తోడైంది. చాలా కథల్లో హీరో పెద్ద వ్యాపార కుటుంబం వారసుడు, ఇష్టం కొద్దీ ఐపీఎస్ రాసినవాడు. జీతం కోసం ఉద్యోగం చేసే పోలీసు మనిషి ఈ కథల్లో హీరో కాడు. అతను జీపు నడిపే కానిస్టేబుల్‌గానో, నవ్వు పుట్టించే హెడ్ కానిస్టేబుల్‌గానో ఉంటాడు.

ఆమె మాట నమ్మినవాడు

ఈ కథల్లో తరచుగా వచ్చే ఒక సన్నివేశం ఉంది. హీరోయిన్ మీద దొంగతనమో, హత్యో మోపుతారు. లేదా తనను ఎవరో వెంటాడుతున్నారని ఆమె స్టేషన్‌కు వెళ్తుంది. అక్కడ ఎవరూ ఆమెను పట్టించుకోరు. అప్పుడు హీరో లోపలికి వస్తాడు. ఆమె కళ్లలోకి చూస్తాడు. ఆమె అబద్ధం చెప్పడం లేదని అతనికి తెలిసిపోతుంది. కుర్చీ చూపిస్తాడు, మంచినీళ్లు తెప్పిస్తాడు, మొత్తం చెప్పమంటాడు.

కండలు, జీపు, తుపాకీ అన్నీ ఈ క్షణం కోసమేనని మేము అనుకుంటున్నాం. పాఠకురాలికి కావాల్సింది తన మాట నమ్మే ఒక అధికారి. జానిస్ రాడ్వే 1984లో ప్రచురించిన 'రీడింగ్ ది రొమాన్స్' పుస్తకంలో అమెరికాలోని ఒక పట్టణపు స్త్రీ పాఠకులతో మాట్లాడి ఇలాంటి విషయమే గమనించింది. భర్తకు, పిల్లలకు చాకిరీ చేసే ఆ స్త్రీలకు చదివే గంట తమ సొంతం. బయటికి కఠినంగా కనిపించి చివరికి ఆమెను కనిపెట్టుకుని చూసుకునే మగవాడు వాళ్లకు మంచి హీరో. ఇంట్లో ఎవరూ తమను అలా చూసుకోరు కాబట్టి ఆ లోటును కథ తీరుస్తుంది. హాస్టల్ గదిలో ఫోన్ చూసే అమ్మాయికి కూడా ఆ గంట తన సొంతం. ఆమెకున్న లోటు మాత్రం ఇంకాస్త పెద్దది. ఇంట్లో చూసుకునేవాళ్లు లేకపోవడంతో పాటు, రాజ్యం కూడా ఆమె మాటను లెక్కలోకి తీసుకోదు.

అందుకే ఆ ఇష్టాన్ని వెక్కిరించడం మనకు తగదు. న్యాయం కావాలన్న కోరికే అక్కడ ప్రేమ వేషం వేసుకుని ఉంది.

కథలో లేని ఎల్బీనగర్ స్టేషన్

ఇప్పుడు అదే సన్నివేశం కథ బయట ఎలా జరిగిందో చూద్దాం. 2023 ఆగస్టు 15 రాత్రి ఎల్బీనగర్ చౌరస్తాలో ఒక లంబాడా మహిళను పోలీసులు స్టేషన్‌కు తీసుకెళ్లారు. రాత్రంతా కొట్టారని ఆమె చెప్పింది. ఒంటి మీది దెబ్బల ఫొటోలు బయటికి వచ్చాక ఒక హెడ్ కానిస్టేబుల్‌ను, ఒక మహిళా కానిస్టేబుల్‌ను సస్పెండ్ చేశారు. హైకోర్టు ఈ విషయాన్ని తనంత తానుగా విచారణకు తీసుకుంది. సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా మహిళను అరెస్టు చేయకూడదన్న నియమం అప్పటికే చట్టంలో ఉంది.

దొంగతనం మోపిన సన్నివేశం కూడా మనకు తెలిసిందే. 2021 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా అడ్డగూడూరు స్టేషన్‌లో, పనిచేసే ఇంట్లో డబ్బు పోయిందన్న ఫిర్యాదు మీద తీసుకొచ్చిన దళిత మహిళ చనిపోయింది. ఆందోళనల తర్వాత ఒక ఎస్సైని, ఇద్దరు కానిస్టేబుళ్లను ఉద్యోగాల నుంచి తొలగించారు. 2024లో షాద్‌నగర్‌లో బంగారం పోయిందన్న అనుమానంతో ఒక దళిత మహిళను, ఆమె కొడుకును స్టేషన్‌కు తెచ్చి కొట్టారన్న ఆరోపణ మీద ఒక ఇన్‌స్పెక్టర్‌ను, సిబ్బందిని సస్పెండ్ చేశారు. మూడు చోట్లా ఆమె కళ్లలోకి చూసి 'నువ్వు చేయలేదు' అన్నవాళ్లు లేరు. పోయిన సొమ్ము యజమానుల మాట మాత్రం వెంటనే చెల్లింది.

ఇది నిన్న మొన్నటి సంగతి కూడా కాదు. 1978లో ఇదే హైదరాబాద్‌లో నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక పేద ముస్లిం మహిళ మీద పోలీసులు అత్యాచారం చేశారు, ఆమె భర్త పోలీసు దెబ్బలకు చనిపోయాడు. నగరం భగ్గుమంది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ విచారణ జరిపి పోలీసులను తప్పుపట్టింది. ఆ తర్వాత రాయచూర్ కోర్టులో నిందితులు నిర్దోషులుగా బయటపడ్డారు. ఆ మొత్తం వ్యవహారంలో ఆమెకు జరిగిన అన్యాయం కన్నా ఆమె 'శీలం' మీదే ఎక్కువ చర్చ నడిచింది. 2007లో విశాఖ ఏజెన్సీలోని వాకపల్లిలో 11 మంది ఆదివాసీ మహిళలు గ్రేహౌండ్స్ బలగాల మీద ఫిర్యాదు చేశారు. 2023 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు నిందితులను విడుదల చేస్తూనే దర్యాప్తు సరిగా జరగలేదని చెప్పి, బాధితులకు పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. నమ్మదగిన దర్యాప్తు జరగకపోతే నమ్మదగిన మాట కూడా కోర్టులో నిలబడదు.

తుపాకీతో తీర్పు

ఈ కథల్లో ఇంకో సన్నివేశం ఉంది. విలన్ దొరుకుతాడు. కోర్టుకు పంపితే బయటికి వస్తాడు కాబట్టి హీరో అక్కడే కాల్చేస్తాడు. ఆమె అతని గుండె మీద తల వాలుస్తుంది. అతని కోపం ఎంత పెద్దదైతే ప్రేమ అంత పెద్దదని కథ మనకు చెబుతుంది.

2019 డిసెంబర్ 6న చటాన్‌పల్లి దగ్గర, పశువైద్యురాలి అత్యాచారం, హత్య కేసులో నలుగురు నిందితులను పోలీసులు కాల్చి చంపినప్పుడు జనం పోలీసుల మీద పూలు చల్లారు. మహిళలు రాఖీలు కట్టారు. వాళ్లలో చాలామంది మనస్ఫూర్తిగానే ఆ పని చేశారు. ఆడపిల్లల భద్రత మీద ఉన్న భయం నిజమైనదే. కానీ సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికి వచ్చినప్పుడు, పోలీసులు చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, 10 మంది పోలీసుల మీద హత్య కేసు విచారణ జరగాలని చెప్పింది. చనిపోయినవాళ్లలో ముగ్గురు మైనర్లని కూడా తేల్చింది. విచారణ లేకుండా శిక్ష వేసే అధికారాన్ని ప్రేమగా చూడడం అలవాటైతే, ఆ అధికారం రేపు ఎవరి మీద వాడతారో అడగడం మరిచిపోతాం. అడ్డగూడూరులో, షాద్‌నగర్‌లో దాన్ని ఎవరి మీద వాడారో చూశాం.

హీరో ఇంటిపేరు, హీరోయిన్ అనాథతనం

మేము చదివిన కథల్లో హీరోకు పూర్తి పేరు ఉంటుంది, ఇంటిపేరో కులసూచకమో దాని వెంటే ఉంటుంది. హీరోయిన్ తరచుగా అనాథ. లేకపోతే చిన్నప్పుడే తప్పిపోయిన పెద్దింటి బిడ్డ. అనాథకు కులం అడిగే అవసరం రాదు, కాబట్టి పెళ్లికి అడ్డం ఉండదు. పెద్దింటి బిడ్డ అని తేలితే అసలు సమస్యే లేదు. ఇద్దరి మధ్య నిజంగా నిలబడే గోడను కథ ఇలా తెలివిగా పక్కకు జరుపుతుంది. ప్రజాదరణ పొందిన పాత నవలల్లోనూ దళితుణ్ణి నాయకుడిగా పెట్టినవి అరుదు. 1960లలో వచ్చిన రంగనాయకమ్మ 'బలిపీఠం' అలాంటి అరుదైన ఉదాహరణ.

ఆ గోడ ఎంత నిజమో దిల్‌సుఖ్‌నగర్ పక్కనే కనిపించింది. 2022 మే 4 రాత్రి సరూర్‌నగర్‌లో, ముస్లిం అమ్మాయిని ప్రేమించి పెళ్లి చేసుకున్న ఒక దళిత యువకుణ్ణి నడిరోడ్డు మీద, భార్య కళ్ల ముందే చంపేశారు. ఆమె అన్నను, మరొకరిని పోలీసులు అరెస్టు చేశారు. ప్రేమ, వెంటాడే శత్రువు, ప్రాణభయం. రొమాంటిక్ సస్పెన్స్‌కు కావాల్సినవన్నీ అక్కడ ఉన్నాయి. సమయానికి వచ్చే హీరో మాత్రం రాలేదు.

ఇక్కడ విద్యార్థులు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఒకటి ఉంది. ఈ కథల్లో హీరో ఆమెను ఒక రహస్య ఇంట్లో దాస్తాడు. దానికి చట్టంలో కూడా ఒక రూపం ఉంది. 2018 మార్చిలో శక్తి వాహిని కేసు తీర్పులో సుప్రీంకోర్టు, కులం, మతం దాటి పెళ్లి చేసుకున్న జంటలకు జిల్లా కేంద్రాల్లో సేఫ్ హౌస్‌లు ఏర్పాటు చేసే విషయం చూడాలని, ప్రతి జిల్లాలో ప్రత్యేక సెల్, 24 గంటల హెల్ప్‌లైన్ ఉండాలని రాష్ట్రాలకు చెప్పింది. మన జిల్లాలో ఆ సెల్ ఎక్కడుంది, ఎవరు చూస్తున్నారు అని సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. అడగాలి.

ఆమే ఎస్సై అయితే

ఖాకీ అంటే మనకు భయం ఒక్కటే అని చెప్పినా అది పూర్తి నిజం కాదు. అంబేద్కర్ తండ్రి రామ్‌జీ సక్పాల్ సైన్యంలో సుబేదారు. బ్రిటిష్ వాళ్లు మహర్ల సైనిక భర్తీని ఆపినప్పుడు ఆ కులం కోల్పోయినవాటిలో జీతం ఒకటి మాత్రమే. ఊళ్లో తల దించుకుని నడవాల్సిన మనిషికి యూనిఫాంలో తల ఎత్తుకునే వీలు పోయింది. అందుకే తిరిగి భర్తీ కోసం దశాబ్దాల పాటు విజ్ఞాపనలు పెట్టారు. 1941లో మహర్ రెజిమెంట్ ఏర్పడింది.

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో ఆ ఆశే ఇంకో రూపంలో ఉంది. తెలంగాణ పోలీసు నియామక బోర్డు 2022 ఏప్రిల్‌లో 16 వేలకు పైగా పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు ఈ హాస్టళ్లు నిండిపోయాయి. ఆ పరీక్ష కోసం 800 మీటర్ల పరుగు సాధన చేసిన అమ్మాయే రాత్రి ఏసీపీ ప్రేమకథ చదివి ఉండవచ్చు. కానీ ఆ కథ ఆమెకు ఇచ్చే చోటు ఏది? కాపాడబడే అమ్మాయి చోటు. జీపులో ముందు సీటు ఆమెది కావచ్చన్న ఊహ ఈ కథల్లో అరుదు. 'కర్తవ్యం' 1990లోనే ఖాకీని కథానాయికకు వేసింది. 2022 నాటికి కూడా దేశ పోలీసు బలగంలో మహిళలు సుమారు 12 శాతమే.

అయితే యూనిఫాం లోపలి మనిషి మారితే చాలని కూడా అనుకోలేం. ఎల్బీనగర్‌లో సస్పెండ్ అయిన ఇద్దరిలో ఒకరు మహిళ. దుస్తులు ఎవరు వేసుకున్నా, ఆ దుస్తులను ప్రశ్నించే హక్కు ఎదుటి మనిషి దగ్గర ఉండాలి.

బ్యాడ్జి మీద పేరు చదవడం

ఈ కథల్లో ఒక చిన్న వివరం మాకు పదే పదే తగిలింది. హీరోయిన్ మొదటిసారి అతని పేరు తెలుసుకునేది ఛాతీ మీది నేమ్ బ్యాడ్జి చూసి. ఆ పేరు ఆమె మనసులో నిలిచిపోతుంది.

నిజజీవితంలో ఆ బ్యాడ్జికి వేరే చరిత్ర ఉంది. లాకప్ మరణాల మీద డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబర్‌లో ఇచ్చిన ఆదేశాల్లో మొట్టమొదటిది, అరెస్టు చేసే, విచారించే పోలీసుల పేరు, హోదా స్పష్టంగా కనిపించాలన్నది. కొట్టిన చేయి ఎవరిదో రేపు చెప్పగలగాలి కాబట్టి ఆ నియమం వచ్చింది. ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 36లో కూడా అది ఉంది. అదే చట్టంలో సెక్షన్ 43 మహిళను రాత్రివేళ అరెస్టు చేయకుండా ఆపుతుంది. తప్పనిసరి పరిస్థితి అయితే మహిళా అధికారి, మేజిస్ట్రేట్ ముందస్తు అనుమతి ఉండాలి. సెక్షన్ 179 ప్రకారం సాక్షిగా విచారించాలన్నా మహిళను స్టేషన్‌కు రమ్మనకూడదు, ఆమె ఉండే చోటికే రావాలి. సెక్షన్ 173 ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 4 ఇంకా ముందుకు వెళ్తుంది. నోటితో చెప్పిన ఫిర్యాదును రాసి, సంతకం పెట్టించే ముందు చదివి వినిపించాలి. ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలి. కాపీ వెంటనే ఇవ్వాలి. కావాలని ఈ పనులు చేయని, ఎస్సీ, ఎస్టీ కాని ప్రభుత్వోద్యోగికి 6 నెలల నుంచి ఏడాది దాకా జైలు. దర్యాప్తు అధికారి డీఎస్పీ స్థాయికి తగ్గకూడదని ఆ చట్టం నియమాలు చెబుతాయి. స్టేషన్లలో సీసీటీవీ కెమెరాలు ఉండాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబర్‌లో ఆదేశించింది.

కథలో హీరో ఆమె కళ్లు చూసి నమ్ముతాడు. చట్టంలో నమ్మడం అంటే ఆమె మాటను ఆమె చెప్పినట్టే రాయడం, చదివి వినిపించడం, కాపీ చేతికివ్వడం. మొదటిది అతని మంచితనం మీద ఆధారపడుతుంది. రెండోది అతను మంచివాడు కాకపోయినా చేయాల్సిన పని.

అందుకని ఈ కథలు చదవద్దని మేము ఎవరికీ చెప్పం. చదివే గంటలో మూడు ప్రశ్నలు పక్కన పెట్టుకుంటే చాలు. ఈ కథలో ఫిర్యాదు ఎవరు రాశారు, ఎవరికైనా కాపీ ఇచ్చారా? హీరో ఇంటిపేరు ఏమిటి, హీరోయిన్‌ను అనాథను ఎందుకు చేశారు? అతను చట్టం దాటిన చోట, ఎదురుగా ఉన్నది విలన్ కాకుండా మన వాడ మనిషి అయితే నాకు అలాగే నచ్చేదా? హాస్టల్ గదుల్లో, స్టడీ సర్కిళ్లలో ఒక కథ తీసుకుని ఈ ప్రశ్నలతో మాట్లాడుకోవచ్చు. రాయాలనుకునేవాళ్లకు ఆ యాప్‌లు తెరిచే ఉన్నాయి. కేసు రాసే టేబుల్‌కు అటువైపు మన అమ్మాయి కూర్చుని, ఇటువైపు నిలబడ్డ అమ్మకు కుర్చీ చూపించి, ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకుని, చదివి వినిపించి, కాపీ చేతికిచ్చే కథ ఇంకా రావాల్సే ఉంది.